ముప్పావు నీళ్లు

జూన్ 5, గురువారం

వెళ్లాను. మా షాపు ఓనరమ్మ పోరు పడలేక వెళ్లాను. తాగే తమ్ముడి కోసం ఆవిడ ఏళ్ల తరబడి అక్కడికి వెళ్తోందట. తమ్ముడు ఇప్పటికీ తాగుతూనే ఉన్నాడట. ఆ ముక్క వినగానే నేను ఆగిపోవాల్సింది.

డ్రైవింగ్ స్కూల్ మేడ మీద గది. గోడల నిండా ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు, మధ్యలో గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు. తాగేవాళ్ల ఇంటివాళ్లు వారం వారం వచ్చి కూర్చుంటారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వింటారు. చెప్పడం అయిపోగానే అందరూ కలిసి "థాంక్స్" అంటారు. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు జవాబు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు. టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకడు, తన పుట్టినరోజు నాడే వాళ్లమ్మాయి తాగి నడిరోడ్డు మీద పడిపోయిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. థాంక్స్ అన్నారు. నాకు ఒళ్లు మండింది.

నా వంతు వచ్చింది. "మా ఆయన లిఫ్టు మెకానిక్ అండీ. తాగుతాడు. మాన్పించాలంటే ఏం చెయ్యాలి?" అన్నాను.

మీటింగు నడిపేది ఒక హెడ్‌మాస్టరమ్మ. రిటైరై చాలాకాలమైందట గానీ గొంతు ఇంకా క్లాసులోనే ఉంది. "ఇక్కడ సలహాలు ఉండవమ్మా," అంది.

"మరి ఏముంటాయండీ?"

"చెప్పుకోవడం, వినడం."

"అది మా వీధి చివర బెంచీ మీద కూడా జరుగుతుందండీ," అన్నాను. ఎవరూ నవ్వలేదు. థాంక్స్ అన్నారు.

నేను డ్రైక్లీనింగ్ షాపులో మరకలు తీసే మనిషిని. చొక్కా కౌంటర్ మీద పెట్టగానే నేనడిగే మొదటి మాట, ఏం పడింది అని. నిజం చెప్పరు. టీ అంటారు. ముట్టుకుంటే జిగురు, వాసన చూస్తే ఇంకేదో. అయినా సరే, పడిందేదో తేలితే దానికో మందు ఉంటుంది, నూనెకొకటి, సిరాకొకటి, రక్తానికొకటి. జబ్బు గురించి గంటన్నర మాట్లాడి మందు ఊసెత్తని చోటు నేనెక్కడా చూడలేదు.

అత్తయ్యకి కంప్యూటర్ క్లాసని చెప్పి వెళ్లాను. "ఈ వయసులోనా?" అంది. ఈ వయసులోనే అన్నాను.


జూన్ 6, శుక్రవారం

వాళ్లు చెప్పకపోతే పోనీ. నా వైద్యం నాకుంది.

ఆయన సీసా బాల్కనీలో పనిముట్ల పెట్టె వెనకాల ఉంటుంది. అక్కడుందని ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. నెల రోజులుగా ఆయన తెచ్చే ప్రతి సీసాలోనూ నీళ్లు కలుపుతున్నాను. మొదట పావు వంతు కలిపాను, తర్వాత సగం. ఇప్పుడు ముప్పావు నీళ్లే. నీళ్లు కలిపితే రంగు తేలిపోతుంది కదా, దానికి చిక్కటి టీ డికాషన్ చుక్కలు. సీసా వెలుతురుకి ఎత్తి, పాత రంగు కలిసేదాకా చుక్క చుక్కా వేస్తాను. ఇన్నేళ్లుగా జనం బట్టల రంగులు కలిపిన చెయ్యి ఇది. ఎవడూ కనిపెట్టలేడు.

ఆయనకి తెలియకుండానే ఆయన మానేస్తాడు. ఒకరోజు ఉత్త టీ తాగుతూ ఉంటాడు, అప్పుడు చెబుతాను.


జూన్ 9, సోమవారం

పొద్దున్న కాఫీ కప్పు చేతిలో గలగలలాడింది. సగం చొక్కా మీద పోసుకున్నాడు. మనిషి చిటపటలాడుతున్నాడు, తిండి సరిగ్గా తినడు. నా వైద్యం పనిచేస్తోందన్నమాట.

విచిత్రమేమిటంటే స్నానానికి వెళ్లొచ్చేసరికి చెయ్యి కుదుటపడింది. బూట్ల తాళ్లు తనే కట్టుకున్నాడు. చన్నీళ్ల మహిమ కాబోలు.

రాత్రి "ఈమధ్య సరుకు నాసిరకంగా వస్తోంది," అని తనలో తను గొణుక్కున్నాడు. నేను అటు తిరిగి నవ్వుకున్నాను.


జూన్ 12, గురువారం

ఓనరమ్మ మళ్లీ తోలింది. ఈ ఒక్కసారే అనుకుని వెళ్లాను.

మెట్లెక్కుతుంటే పైన తెలిసిన దగ్గు వినబడింది. తలెత్తి చూస్తే అత్తయ్య. మంచి శాలువా కప్పుకుని, చేతిసంచీ గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

"మీరేంటత్తయ్యా ఇక్కడ?"

"డ్రైవింగ్ నేర్చుకుందామని," అంది.

వాషింగ్ మెషిన్ మీట నొక్కాలన్నా నన్ను కేకేసే మనిషి. "డ్రైవింగ్ స్కూల్ కిందండీ. ఇది మేడ," అన్నాను.

"మరి కంప్యూటర్లెక్కడున్నాయి?" అంది.

బీపీ చూసే నర్సు చెబితే వచ్చిందట. గుమ్మంలో హెడ్‌మాస్టరమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా అని అడిగింది. అత్తయ్య "కొద్దిగా" అంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒకే వంటగదిలో చస్తున్నాం, కొద్దిగా తెలుసట.

హెడ్‌మాస్టరమ్మ అమాయకురాలేం కాదు. అందరూ కూర్చున్నాక మా ఇద్దరి వంకే చూస్తూ చెప్పింది. "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి వెళ్లాలి. ఇంట్లో దాని గురించి అడగొద్దు, ఎత్తిపొడవొద్దు, గుర్తు కూడా చెయ్యొద్దు. ఒకే ఇంటివాళ్లయితే మరీ. లేకపోతే వచ్చే వారం నుంచి ఎవరూ నిజం చెప్పరు. మాటివ్వండి."

ఇచ్చాం. అత్తయ్య ఈ చివర, నేను ఆ చివర. ఆవిడ వంతు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపింది. నేను షాపులో పని ఎక్కువగా ఉందని చెప్పాను. థాంక్స్ అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకే బస్సెక్కి వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.


జూన్ 13, శుక్రవారం

భోజనాల దగ్గర ఆయన ముందే అడిగాను. "బ్రేకు నేర్పారా అత్తయ్యా?"

"నేర్పారు. నీకు టైపింగు వచ్చిందా?"

ఇద్దరం ఒక్కసారిగా నవ్వేస్తామేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆవిడ మజ్జిగ గ్లాసు అందుకుంది. ఆయన మా మాటలేవీ వినడమే లేదు.


జూన్ 19, గురువారం

పెన్ను కాగితాన్ని చించేస్తోంది రాస్తుంటే. కోపంతో.

ఈరోజు అత్తయ్య చెప్పింది. ఎవరూ అడక్కుండానే గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఆవిడ మాటలు నా బుర్రలోంచి పోవడం లేదు.

"మా అబ్బాయికి పొద్దున్నే చేతులు వణుకుతాయండీ. స్పానర్ కూడా పట్టుకోలేడు. ఆ చేతులతో లిఫ్టు మీదకెక్కితే ఇంకేమన్నా ఉందా? అందుకని నేనే పోస్తాను. వాడి సీసాలోంచి దగ్గుమందు కప్పుతో కొలిచి బాత్‌రూం తలుపు సందులోంచి అందిస్తాను. తాగిన కాసేపటికి చెయ్యి నిలబడుతుంది. మా కోడలికి తెలీదు. తెలిస్తే ఊరుకోదు, నోరు పెద్దది."

నోరు పెద్దది. నేను ఎదురుగా కూర్చుని ఉండగా.

"మొదట్లో ఒక్క కప్పు సరిపోయేదండీ. ఈమధ్య రెండు పోశాను, మూడు పోశాను, ఇప్పుడు నాలుగు. అయినా సరిగ్గా తగ్గట్లేదు. జబ్బు ముదిరిందేమోనని భయంగా ఉంది. ఎందుకు పోస్తున్నావంటారేమో. మా ఆయనా తాగేవాడే. ఒకరోజు నేనేదో అన్నానని పౌరుషానికి పోయి మొత్తం మానేశాడు. రెండు మూడు రోజులకే ఫిట్స్ వచ్చి వంటగదిలో నా కళ్ల ముందే పోయాడు. అందరికీ గుండెపోటని చెప్పాం. కోడలికీ అదే చెప్పాం."

థాంక్స్ అన్నారు. నేనూ అన్నాను.

జబ్బు ముదరలేదు. సీసాలో ముప్పావు నీళ్లున్నాయి. నేను ఇంకా నీళ్లు పోసేకొద్దీ ఆవిడ ఇంకో కప్పు పోస్తోంది. నెల రోజులుగా ఇద్దరం పోటీ పడి ఆయనకి వైద్యం చేస్తున్నాం. ఆ సంగతి ఆ గది మొత్తంలో తెలిసింది నాకొక్కదానికే. నోరు విప్పి చెప్పకూడదు, జవాబివ్వకూడదని మాటిచ్చాను. నా వంతు వస్తే తల అడ్డంగా ఊపాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

తాగించి పంపుతోంది. మనుషులెక్కే లిఫ్టుల దగ్గరికి, ఆ గోతుల దగ్గరికి, కన్నతల్లి తన చేత్తో తాగించి పంపుతోంది. మామయ్య గుండెపోటుతో పోలేదు. నన్ను ఈ ఇంట్లో ఎప్పుడూ పరాయిదానిలానే చూశారు.


జూన్ 20, శుక్రవారం

నీళ్లు కలపడం మానేస్తే? నాలుగు కప్పులు అసలు సరుకు లోపలికి పోతుంది, తూలుతూ పనికెళ్తాడు. కలుపుతూ పోతే? ఆవిడ ఆరు పోస్తుంది. చెప్పేస్తే? చెప్పకూడదు.

బట్టల సబ్బు డబ్బా వెనకాల దగ్గుమందు కప్పు దొరికింది. కడిగి బోర్లించి ఉంది. చూసి అక్కడే పెట్టాను.

బాల్కనీలో సీసా ఎలా ఉందో అలాగే వదిలేశాను. కలపలేదు, పారబొయ్యలేదు.


జూన్ 22, ఆదివారం

వేరే దారిలో చెబుదామని చూశాను. కూరగాయలు తరుగుతూ, "మా షాపుకొచ్చే ఒకావిడ వాళ్లింట్లో ఏం జరిగిందో తెలుసా అత్తయ్యా, వాళ్లాయన సీసాలో..." అన్నాను.

"ఎవరింటి గొడవలో మనకెందుకమ్మాయ్," అంది.

"మనక్కూడా పనికొస్తుందేమోనని."

"మనింట్లో అలాంటివి లేవు కదా," అని నా మొహంలోకే చూసింది. అది మాట మీద నిలబడ్డమో, మొండితనమో నాకు అర్థం కాలేదు. చాకు పళ్లెంలో పడేసి లేచిపోయాను.


జూన్ 23, సోమవారం

ఆయన హుషారుగా ఉన్నాడు. తను సీసా కొనే పాత షాపువాడు కల్తీ చేస్తున్నాడని తేలిందట, ఇక వాడి మొహం చూడడట. లోకంలో నమ్మకమన్నది లేకుండా పోయిందని నాకు క్లాసు పీకాడు.

రేపు పొద్దున్నే హోటల్ కర్టెన్లు వస్తాయి. పడుకుంటున్నాను.


జూన్ 24, మంగళవారం

షాపులో ఉండగా అత్తయ్య ఫోన్ చేసి, తొందరగా రమ్మని పెట్టేసింది. వెళ్లేసరికి ఆయన సోఫాలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయనతో జతగా పనిచేసే మెకానిక్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. అత్తయ్య మంచినీళ్లిచ్చినా తాగలేదు.

"ఆరో అంతస్తులో తలుపు తీశాడు వదినా," అన్నాడు. "లిఫ్టు పెట్టె కిందెక్కడో ఉంది. తలుపు తీస్తే ముందు అడ్డు బోర్డు పెట్టాలి, అది కొత్తవాడిక్కూడా తెలుసు. పెట్టలేదు. తీసింది తీసినట్టే వదిలేసి పైన మెషిన్ రూంకి వెళ్లిపోయాడు. ఒకావిడ ఫోన్ మాట్లాడుకుంటూ వచ్చింది. తలుపు తెరిచుంది కదా, లిఫ్టొచ్చిందనుకుని కాలు లోపల పెట్టేసింది. నేను అప్పుడే మెట్లెక్కి వస్తున్నాను. జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను. చేతిలో సంచీ మాత్రం లోపల పడిపోయింది. బంగాళాదుంపలు వదినా. అవి కింద పడిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది."

అత్తయ్య గోడకి ఆనుకుంది.

"వీడికి జ్వరమని సూపర్‌వైజర్‌తో చెప్పాను. వాడు ఫోన్ చేస్తే మీరూ అదే చెప్పండి. ఈ ఒక్కసారికే," అన్నాడు. లేస్తూ ఆయన వంక చూసి, "ఇంకోసారైతే నా వల్ల కాదు," అన్నాడు.

కొత్త షాపు నుంచి కొత్త సీసా తెచ్చుకున్నాడట. పొద్దున అత్తయ్య దాంట్లోంచే పోసి ఉంటుంది. అలవాటుగా నాలుగు. కొత్త సీసా సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఏదో ఒకటి చేసేదాన్నే.


జూన్ 25, బుధవారం

తెలుసు.

సోమవారం సాయంత్రమే పనిముట్ల పెట్టె వెనకాల చూశాను, సీలు తియ్యని సీసా. మంగళవారం పొద్దున బాత్‌రూం తలుపు కిర్రుమంది. అది విని కూడా నా చీర ఇస్త్రీ చేసుకుంటూ నిలబడ్డాను. మాటిచ్చాను కదా, చెప్పకూడదు కదా అనుకున్నాను. అబద్ధం. ఆవిడకి తగిన శాస్తి జరగాలనుకున్నాను. ఆయన గుమ్మం దాటకుండానే తూలి పడతాడు, ఆవిడ గుట్టు తనంతట తానే బయటపడుతుంది అనుకున్నాను. లిఫ్టుగోతి సంగతి ఆ క్షణాన నాకు గుర్తే లేదు.

ఆ బంగాళాదుంపలావిడ ఎవరో నాకు తెలియదు. ఇంట్లో ఎవరెవరున్నారో.


జూన్ 26, గురువారం

సూపర్‌వైజర్ రేపు ఫోన్ చేస్తాడట, జ్వరం ఎలా ఉందో కనుక్కోవడానికి. ఆయన సోమవారం పనికెళ్లిపోతానంటున్నాడు. జరిగిందేమీ లేదట, అందరూ గోరంతని కొండంత చేస్తున్నారట.

మీటింగుకి అత్తయ్యా నేనూ వేరే వేరే బస్సుల్లో వెళ్లాం. నా వంతు కోసం ఆగలేదు. టోపీ పెద్దాయన కుర్చీలో సర్దుకునే లోపే మొదలుపెట్టాను.

"నేను మా ఆయన సీసాలో నీళ్లు కలుపుతున్నానండీ. నెల దాటింది. ముప్పావు నీళ్లు. సోమవారం ఆయన కొత్త సీసా తెచ్చాడు, దాంట్లో కలపలేదు. అంతే."

థాంక్స్ అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "దేనికండీ థాంక్స్? ఒక మనిషి గోతిలో పడబోయింది. దానికి థాంక్సా?" అని అరిచాను.

"అమ్మా, మెల్లగా..." అని హెడ్‌మాస్టరమ్మ అంటోంది. ఆ చివర కుర్చీ కిర్రుమంది. అత్తయ్య లేచి నిలబడింది.

"ఎంతా?" అంది.

"ఇక్కడ ఒకరి మాటకి ఇంకొకరు..."

"మీరుండండి మేడమ్. ఎంత కలిపావే?"

"ముప్పావు."

"ముప్పావా!" గది దద్దరిల్లింది. "ముప్పావు నీళ్లు పోసిన సీసాలోంచా నేను కప్పులు కప్పులు పోసింది? రంగు ఎలా నిలిచింది మరి?"

"డికాషన్ వేశాను."

అత్తయ్య తల పంకించింది. "అదీ సంగతి. రంగు బాగానే ఉందే అనుకున్నాను," అంది. అలాంటి సమయంలో కూడా ఆ మాటకి నాకు కాస్త గర్వం వేసింది. ఛీ.

హెడ్‌మాస్టరమ్మ బల్ల మీద చేత్తో కొట్టి, కట్టుబాటు అంటే కట్టుబాటే, మాట్లాడుకోవాలంటే బయటికెళ్లండి అంది. టోపీ పెద్దాయన లేచి మా కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.

మెట్ల మీద కూర్చున్నాం. డ్రైవింగ్ నేర్చుకోవడానికొచ్చినవాళ్లు కింద నుంచి వింతగా చూస్తున్నారు. అత్తయ్య చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "అసలుది నాలుగు కప్పులు పోశాను అమ్మాయ్. నా చేత్తో పోసి పంపాను," అంది.

"నాకు తెలుసత్తయ్యా. సీసా కొత్తదని తెలుసు. మీరు పోస్తున్నారనీ తెలుసు. ఇస్త్రీ చేసుకుంటూ నిలబడ్డాను."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ శాలువా అంచు వేళ్లకి చుట్టుకుంది.

"ఇక నేను పొయ్యను," అంది చివరికి. వెంటనే, "పొయ్యకపోతే వాళ్ల నాన్నలా అవుతాడు," అంది. అన్నాక ఏడ్చింది. ఆవిడ ఏడుపు నేనెప్పుడూ చూడలేదు. మామయ్య సంవత్సరీకానికి కూడా ఏడవదు.

ఆస్పత్రిలో పడుకోబెట్టి, డాక్టర్లు పక్కనుండి మాన్పించే వార్డు ఉందట. ఫిట్స్ రాకుండా ముందే ఇంజెక్షన్లిస్తారట. బీపీ నర్సు చెప్పిందట.

"ఎప్పుడు చెప్పింది?"

"చాన్నాళ్లయింది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదత్తయ్యా!"

"నువ్వు నాతో ఏదైనా చెప్పావా ఎప్పుడైనా?" అంది.

నెత్తీ నోరూ కొట్టుకోవాలనిపించింది. ఆవిడదా తప్పు, నాదా అని తేల్చుకునేలోపు ఒకాయన "కాస్త జరగండమ్మా" అంటూ మా ఇద్దరి మధ్య నుంచి మెట్లెక్కి పోయాడు. ఈసారి ఒకే సీట్లో కూర్చుని ఇంటికొచ్చాం. దారంతా తిట్టుకున్నాం, ఆస్పత్రి నంబరు మాత్రం నా ఫోన్లో రాసుకున్నాను.


జూన్ 27, శుక్రవారం

సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఆయన సోఫాలోంచి చెయ్యి ఊపుతూ, "తగ్గిందని చెప్పు. సోమవారం వస్తున్నానని చెప్పు," అన్నాడు.

మెట్ల మీద అంత మాట్లాడినదాన్ని, నిద్ర లేకుండా మాటలు కూర్చుకున్నదాన్ని. ఫోన్ చెవిన పెట్టుకోగానే నా నోట్లోంచి వచ్చిందేమిటి? "జ్వరమండీ. కొద్దిగా తగ్గింది." అదంతట అదే వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"బాబూ, నేను వాళ్లమ్మని. జ్వరం లేదు, ఏం లేదు. వాడు తాగుతాడు. మంగళవారం తాగే వచ్చాడు. నేనే పోసి పంపాను. తలుపు తీసి వదిలేశాడు, ఒకావిడ చచ్చి బతికింది. వాణ్ని లిఫ్టు దగ్గరికి రానివ్వకండి. వస్తానని ఫోన్ చేసినా సరే, కాళ్లు పట్టుకున్నా సరే, రానివ్వకండి. సోమవారం ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం."

అవతల సూపర్‌వైజర్ ఏదో అన్నాడు. అత్తయ్య "సరే" అని రెండుసార్లు అని పెట్టేసింది. నయమయిందని డాక్టరు రాసిచ్చేదాకా పనిలోకి రావద్దన్నాడట, ఆ తర్వాత కూడా కిందుండి చేసే పనే ఇస్తాడట.

ఆయన లేచి కూర్చున్నాడు. అరుస్తాడని, ఏదైనా విసిరికొడతాడని నేను టీవీకి అడ్డంగా నిలబడ్డాను. అరవలేదు. వాళ్లమ్మని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ వాళ్లమ్మని చూశాడు.

"మీరిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు?" అన్నాడు.

"నిన్న," అంది అత్తయ్య.

పెళ్లయినప్పటి నుంచీ ఆ మొహం చూస్తున్నాను. అంత భయం దాంట్లో ఎన్నడూ చూడలేదు.


జూన్ 28, శనివారం

ఆస్పత్రికి ఫోన్ చేస్తే, సోమవారం తీసుకురండి, ఈలోపు ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకండి అన్నారు. కాబట్టి పొద్దున అత్తయ్య పోసింది. వంటగదిలో, నా ముందే, రెండే కప్పులు. నాకు గిట్టలేదు, అయినా పక్కనే నిలబడి కొలత చూశాను. ఆయన అక్కడే తాగాడు, తలెత్తకుండా.

నీళ్ల సంగతి కూడా చెప్పేశాం. చాలాసేపు ఆలోచించి, "అయితే పాత షాపువాడు మంచివాడేనా?" అన్నాడు.

ఈ మనిషితో ఎలా చచ్చేది?


జూన్ 30, సోమవారం

వార్డు బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అత్తయ్య పక్కన కునుకు తీస్తోంది.

డాక్టరు చిన్నమ్మాయి. కళ్లజోడు, విసుగు మొహం. రోజూ నాలాంటివాళ్లని చూసి చూసి విసిగిపోయిందేమో. కాగితం ముందు పెట్టుకుని, రోజుకి ఎంత తాగుతారు అని అడిగింది.

"ఎక్కువేం లేదు డాక్టర్. సాయంత్రం పూట కొద్దిగా," అన్నాడు. ఎప్పటి పాటే. నేను పళ్లు కొరుక్కున్నాను.

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది. "చూడండి, మీరు చెప్పేదాన్నిబట్టే నేను ఇంజెక్షన్ వెయ్యాలి. తక్కువ చెప్పారనుకోండి, నేనిచ్చేది సరిపోదు, ఫిట్స్ వస్తాయి. ఎక్కువ చెప్పారనుకోండి, మత్తెక్కువై ఊపిరాగిపోవచ్చు. మర్యాదకి చెప్పకండి. నిజం చెప్పండి."

ఫిట్స్ అనగానే అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. పొద్దున రెండు కప్పులు పడినా బల్ల అంచున వేళ్లు టకటకలాడుతున్నాయి. నోరు తెరిచాడు, మళ్లీ ఆ "కొద్దిగా" వస్తుందనుకున్నాను. ఈ ఒక్కచోట కూడా అబద్ధమాడితే వదిలేసి పోదామనుకున్నాను, నిజంగా అనుకున్నాను.

"నాకు తెలీదు డాక్టర్," అన్నాడు. "నేనెంత తాగుతున్నానో నాకు నిజంగా తెలీదు. వాళ్లిద్దర్నీ అడగండి."

డాక్టరు మా వైపు తిరిగింది. నాకు ఆయన మీద కోపం అలాగే ఉంది, పక్కన మనిషి మీదా ఉంది. అయినా కుర్చీ ముందుకు లాక్కున్నాను. అత్తయ్య కూడా లాక్కుంది.

"ముందు నువ్వు చెప్పు," అంది. "నీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టు. నేను కప్పులు చెబుతాను."